పొలంలో పలికే గొంతు సభలో ఎందుకు మూగబోయింది: ఒక వ్యవసాయ అధికారిణి కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని వ్యక్తి అనంతపురం జిల్లాలో వ్యవసాయ విస్తరణ రంగంలో పనిచేసే ప్రభుత్వోద్యోగిని. వయసు నలభైకి కాస్త అటూ ఇటూ. ఆమె రాతపూర్వక అనుమతితో ఇది రాస్తున్నాను. హోదా, మండలం, కుటుంబ వివరాలు, కొన్ని సంఘటనల వరుస మార్చాను. ఆమె ఆలోచనా సరళినీ, చికిత్సలో తీసుకున్న నిర్ణయాలనూ మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

సభాభయంతో నా దగ్గరకు చికిత్సకు వచ్చేవారిలో ఎక్కువమంది డిగ్రీ విద్యార్థులు, ఉద్యోగ ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడిన అనుభవం వారికి తక్కువ కాబట్టి, మాట్లాడించడంతోనే సగం పని అయిపోతుంది. ఈమె సంగతి అది కాదు. ఎన్నో ఏళ్లుగా రైతులతో మాట్లాడటమే ఆమె ఉద్యోగం. మాట్లాడే నేర్పు నిండుగా ఉన్న మనిషికి మైకు ముందు మాత్రం మాట ఆగిపోతుంటే దాన్ని ఏ తీరున అర్థం చేసుకోవాలి, నేర్పు పెంచే శిక్షణ అలాంటివారికి మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్న ప్రశ్నలను ఈ కేసు స్పష్టంగా ముందుకు తెచ్చింది.

సమస్య

పదోన్నతి వచ్చేవరకు ఆమెకు ఇబ్బంది పెద్దగా తెలియలేదు. పదోన్నతి తరువాత జిల్లా స్థాయి సమీక్షల్లో, శాస్త్రవేత్తలూ పై అధికారులూ ఉన్న వేదికలపై మాట్లాడవలసి వచ్చింది. ఖరీఫ్ సన్నద్ధతపై జరిగిన ఒక సమావేశంలో ఆమెకు పది నిమిషాలు ఇచ్చారు. కంఠస్థం చేసి తెచ్చుకున్న ప్రసంగంలో ఒక వాక్యం గుర్తుకు రాకపోవడంతో రెండు పేరాలు దాటేసి, మిగిలినది గబగబా చదివి, నాలుగు నిమిషాల లోపే కూర్చున్నారు. ఆ రోజు చేతులు వణికాయని, గొంతు ఎండిపోయిందని, హాలంతా తన వణుకునే చూసిందని ఆమె చెప్పారు. తరువాత సమీక్షలున్న రోజుల్లో సెలవు పెట్టడం, తన బదులు కింది ఉద్యోగిని పంపడం మొదలైంది. తప్పించుకున్న ప్రతిసారీ కలిగిన ఊరట, తరువాతి సమావేశాన్ని మరింత భయంకరంగా మార్చింది.

మొదటి రోజు ఆమె అడిగింది సూటిగా ఉంది: "సార్, ధైర్యం వచ్చే మందేదైనా ఉంటే చెప్పండి."

మందు సంగతి తరువాత వస్తుంది. ముందు శారీరక కారణాలు లేవని తేల్చుకోవాలి. గుండె దడ, చేతి వణుకు థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినప్పుడూ కనిపిస్తాయి కాబట్టి వైద్యుల ద్వారా రక్త పరీక్ష చేయించాం. ఫలితం మామూలుగానే ఉంది. కారణం లేకుండా హఠాత్తుగా వచ్చే భయపు దాడులు కావని, సభతోనూ, సభను తలచుకోవడంతోనూ మాత్రమే ముడిపడి ఉన్నాయని వివరంగా అడిగి నిర్ధారించుకున్నాను. సామాజిక భయాన్ని కొలిచే స్పిన్ ప్రశ్నావళిలో 17 ప్రశ్నలు, 68 మార్కులు ఉంటాయి. 19 దాటితే పట్టించుకోవాలి. ఆమెకు వచ్చిన మార్కులు ఆ గీతను కొద్దిగా మాత్రమే దాటాయి. అంకె ఒక్కటే చూస్తే తేలికపాటి సమస్య అనిపిస్తుంది. కానీ కొత్తవారితో మాట్లాడటం, విందులకు వెళ్లడం వంటి ప్రశ్నలకు ఆమె దాదాపు సున్నా పెట్టి, సభలో మాట్లాడటం, నలుగురూ చూస్తుండగా ఏదైనా చేయడం వంటి వాటికి నిండు మార్కులు పెట్టారు. ఇలా వేదికకే పరిమితమైన భయాన్ని 2013లో వెలువడిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు వాడే అమెరికన్ ప్రామాణిక గ్రంథం) ప్రత్యేకంగా గుర్తించింది. మొత్తం మార్కుల వెనక ఏ ప్రశ్నకు ఎంత వచ్చిందో చూడకపోతే ఇలాంటివారు మన కంటి నుంచి తప్పిపోతారు.

పొలంలో చూసినది

గదిలో కూర్చుని విన్న వివరణపైనే ప్రణాళిక వేయడం నాకు సమ్మతం కాలేదు. ఆమె బాగా మాట్లాడే చోటు కూడా ఉందని తెలుసు కనుక, అక్కడ ఏం చేస్తున్నారో చూస్తేనే వేదికపై ఏది మారుతోందో తెలుస్తుంది. రైతుల అనుమతితో ఒక వేరుశనగ చేనికి ఆమె వెంట వెళ్లాను.

మృగశిర కార్తె దాటి విత్తనం పడిన చేను అది; పూత మొదలైంది. పాతికమందికి పైగా రైతులు చుట్టూ నిలబడ్డారు. ఆమె ఒక మొక్క పీకి, పూత తరువాత నేలలోకి దిగి కాయలు కట్టే ఊడలు ఎక్కడి నుంచి దిగుతాయో వేలితో చూపించి, కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేళ్ల ద్వారా కాకుండా తన చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుందని, అందుకే ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్క మొదళ్ల దగ్గర పడేలా వేసి మట్టి ఎగదోయాలని చెప్పారు. ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు: "మా నాయన కాలంలో జిప్సం యాడుంది మేడమ్? అప్పుడు కాయ ఊరలేదా?" ఆమె తడుముకోలేదు. "అప్పుడు ఏటా చేనికి పేడెరువు తోలేవాళ్లు పెద్దనాయనా. నువ్వు ఈ ఏడు ఎన్ని బండ్లు తోలినావో చెప్పు." అందరూ నవ్వారు, ఆ పెద్దాయన కూడా. కాగితం లేదు, కంఠస్థం లేదు, చూపు ఎదుటివారి ముఖాల మీదే ఉంది, చేతులు మొక్క మీద ఉన్నాయి. ఎవరు ఒప్పుకోలేదో కనిపెట్టి వారి వైపే తిరిగి మాట్లాడుతున్నారు.

ఇంత చూశాక నేర్పు కొరత అన్న ఊహను పక్కన పెట్టేశాను. వేదికపై ఆమె ఏం చేయడం లేదన్నది ఇక నాకు ముఖ్యం కాదు. పొలంలో చేయనిది వేదికపై అదనంగా ఏం చేస్తున్నారన్నదే వెతకవలసి ఉంది.

అంతకుముందు చేసినవి

నా దగ్గరకు రాకముందు ఆమె ఒక వక్తృత్వ శిక్షణలో చేరారు. ప్రసంగాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకుని బట్టీ పట్టమని, శ్రోతల కళ్లలోకి చూడలేకపోతే వారి తలల మీదుగా వెనక గోడను చూడమని, చేతులు వణికితే పోడియాన్ని గట్టిగా పట్టుకోమని అక్కడ చెప్పారు. ఈ సలహాలు మన దగ్గర ఎంత వాడుకలో ఉన్నాయంటే, వాటిని ప్రశ్నించడం కూడా వింతగా తోస్తుంది. ఆమె వాటిని శ్రద్ధగా పాటించారు. తెల్లవారుజామున లేచి ప్రసంగం వల్లెవేస్తుంటే ఇంట్లోవాళ్లకు కూడా సగం వచ్చేసిందని నవ్వుతూ చెప్పారు. భయం మాత్రం తగ్గకపోగా పెరిగింది.

ఎందుకు పెరిగిందో చెప్పడానికి 1995లో మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ ప్రతిపాదించిన నమూనా బాగా పనికివచ్చింది. సభాభయం ఉన్న మనిషి మాట్లాడేటప్పుడు దృష్టి శ్రోతల నుంచి తన వైపు తిరుగుతుంది. లోపల తెలిసే దడను, వేడిని, వణుకును బట్టి తాను బయటికి ఎలా కనిపిస్తున్నదీ ఊహించుకుని, ఆ ఊహనే నిజమని నమ్ముతాడు. ఆ ఊహ నుంచి కాపాడుకోవడానికి రకరకాల రక్షణ చర్యలు చేపడతాడు. ఆపద జరగకపోతే ఆ ఘనత రక్షణ చర్యకే పోతుంది, ఆపద అసలు లేదన్న సంగతి ఎన్నటికీ తెలియదు. ఈ దృష్టితో చూస్తే, వెనక గోడను చూడమన్న సలహా ఆమెకు చేసిన హాని అర్థమవుతుంది. శ్రోతల ముఖాల్లో నిజంగా ఏముందో చెప్పగల ఒకే ఒక ఆధారాన్ని అది ఆమె కళ్ల ముందు నుంచి తీసేసింది. బట్టీ పట్టడం వల్ల ప్రతి వాక్యం ఒక పరీక్షగా మారింది. ఒక మాట మరిచిపోతే విషయం తెలియనట్టే అయింది, ఆ విషయంపై పొలంలో గంటసేపు మాట్లాడగలిగినా సరే.

భాష సంగతి కూడా ఇక్కడే బయటపడింది. ఆమె రాసుకున్న ప్రసంగాలు పాఠ్యపుస్తకపు తెలుగులో ఉన్నాయి. కారణం అడిగితే, కోస్తాలోని కళాశాలలో చదివే రోజుల్లో ఒక సెమినార్లో తన యాసకు తరగతి అంతా నవ్విందని, ఆ రోజు నుంచి వేదిక మీద ఇంటి మాట రానివ్వకూడదని నిర్ణయించుకున్నానని చెప్పారు. అంటే వేదికపై ఆమె ఏకకాలంలో మూడు పనులు చేస్తున్నారు: బట్టీ పట్టింది గుర్తు తెచ్చుకోవడం, యాస దొర్లకుండా కాపలా కాయడం, వణుకు కనబడకుండా దాచడం. శ్రోతల కోసం మిగిలిన శ్రద్ధ ఏమీ లేదు.

ఫలించనివి

మొదట నెమ్మది శ్వాసతో మొదలుపెట్టాం. శరీరం ఇంత ఉద్రేకంలో ఉన్నప్పుడు ఏ ప్రయోగానికీ ఆమె సిద్ధపడరని, ముందు ఆ ఉద్రేకాన్ని కొంత దించాలని నా ఆలోచన. గదిలో చక్కగా పనిచేసింది. సమావేశంలో మాత్రం శ్వాస సరిగ్గా తీసుకుంటున్నానా లేదా అన్నదే ఆమెకు కొత్త కాపలా పని అయింది. ఊపిరిని లెక్కపెడుతూ, అడిగిన ప్రశ్నను వినలేదు. శ్వాస సాధన చెడ్డదని దీనర్థం కాదు. నిద్ర పట్టని ముందురాత్రికి దాన్ని అట్టే పెట్టుకుని, వేదిక మీద దాని ఊసే ఎత్తకూడదని నిర్ణయించుకున్నాం.

మందు గురించి మానసిక వైద్యులను సంప్రదించాం. వేదిక భయానికి కొందరు వైద్యులు ప్రొప్రనొలోల్ వంటి బీటా బ్లాకర్లు రాస్తారు. గుండె దడను, చేతి వణుకును అవి తగ్గిస్తాయి. ఈమెకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది, ఆ మందు శ్వాసనాళాలను బిగించగలదు, కాబట్టి వైద్యులు వద్దన్నారు. ఉబ్బసం లేకపోయినా ఈమె విషయంలో నేను మొగ్గు చూపేవాడిని కాదు: గెలుపంతా మాత్రకే దక్కి, మాత్ర జేబులో లేని రోజు వేదిక మళ్లీ పాత వేదికే అవుతుంది.

మెట్లు మెట్లుగా భయాన్ని ఎదుర్కోవడం మూడో ప్రయత్నం. సాధారణంగా ఈ మెట్లను శ్రోతల సంఖ్యతో కడతాం: అయిదుగురు, పదిమంది, యాభైమంది. ఆమెకు ఈ నిచ్చెన బొత్తిగా సరిపడలేదు. మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్ప్ రూపొందించిన సున్నా నుంచి వంద వరకు ఉన్న కొలబద్దపై భయాన్ని అంచనా వేయమంటే, వందమంది రైతుల ముందు మాట్లాడటానికి పది, అయిదుగురు పై అధికారుల ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడటానికి డెబ్భై, వారి ముందే నిలబడి మైకులో మాట్లాడటానికి తొంభై ఇచ్చారు. జనం ఎంతమంది అన్నది లెక్కలోనే లేదు. తనకు విలువ కట్టే అధికారం ఉన్నవారు ఎదురుగా ఉన్నారా, మైకు ఉందా, నిలబడాలా, భాష లాంఛనంగా ఉండాలా అన్న నాలుగు అంశాలే భయాన్ని నిర్ణయిస్తున్నాయి. పాత మెట్లను పక్కన పెట్టి ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా కలుపుతూ కొత్తవి రాసుకున్నాం.

పనిచేసినవి

మొదటి మలుపు వీడియోతో వచ్చింది. సెలవు రోజున ఖాళీగా ఉన్న ఒక కల్యాణ మండపంలో మైకు పెట్టించి, కొందరు సహోద్యోగులను కూర్చోబెట్టి, జిప్సం విషయంపైనే రెండుసార్లు మాట్లాడమన్నాను. మొదటిసారి తన రక్షణ చర్యలన్నీ నిండుగా వాడాలి: రాసిన కాగితం, పోడియం, వెనక గోడ. రెండోసారి అవేవీ లేకుండా, ఎవరో ఒకరి ముఖం చూస్తూ, తోచిన మాటల్లో చెప్పాలి. విషయం ఒకటే, శ్రోతలు ఒకటే కనుక తేడా వస్తే అది రక్షణ చర్యలదే అవుతుంది.

వీడియో చూపించే ముందు ఏం కనబడుతుందో రాయమన్నాను. ఈ అడుగు చాలా అవసరం. ముందే రాయకపోతే, సభాభయం ఉన్నవారు వీడియోను కూడా తమ లోపలి అనుభూతితోనే చూస్తారు. చేతులు ఆకులా వణుకుతాయని, ముఖం ఎర్రబడుతుందని, రెండోసారి మాటల మధ్య చాలాసేపు తడబడ్డానని ఆమె రాశారు. తరువాత, తెలియని ఒక ఉద్యోగిని చూస్తున్నట్టు చూడమన్నాను. మొదటి వీడియోలో వణుకు కనిపించింది, కానీ వణికింది చేయి కాదు, చేతిలోని ఏ4 కాగితం. చేతిలో కంటికి ఆనని కదలిక, పొడవాటి కాగితం కొసకు చేరేసరికి పెద్దదై కనిపిస్తుంది. దాచుకోవడానికి పట్టుకున్నదే వణుకును చాటింది. రెండో వీడియోలో చాలాసేపు అనుకున్న తడబాటు లెక్కపెడితే మూడు సెకన్లు కూడా లేదు, పైగా అది ఆలోచించి చెబుతున్నట్టుగా ఉంది. ముఖం ఎర్రబడిన జాడే లేదు. సహోద్యోగులు రెండోదే బాగుందన్నారు. ఆమె స్వయంగా వేసుకున్న భయం అంకె కూడా రెండోసారే తక్కువ.

మన లోపలి కలవరం నిజంగా కనబడేదానికంటే ఎక్కువగా ఎదుటివారికి కనబడుతోందని మనం భ్రమపడతామని మనస్తత్వవేత్తలు థామస్ గిలోవిచ్, కెనెత్ శావిట్స్కీ, విక్టోరియా మెడ్వెక్ 1998లో పరిశోధించి చూపారు. ఆ భ్రమ గురించి ముందే చెబితే వక్తలు మెరుగ్గా మాట్లాడారని శావిట్స్కీ, గిలోవిచ్ 2003లో నివేదించారు. ఈ సంగతి ఆమెకు మొదటి వారాల్లోనే చెప్పాను. విని తల ఊపారు, అంతే. కాగితం వణుకును తన కళ్లతో చూశాక అదే మాట ఆమె నాకు చెప్పారు.

ఇక్కడి నుంచి విజయానికి కొలతను మార్చాం. భయం తగ్గిందా అని కాకుండా, జరుగుతుందని భయపడినది జరిగిందా అని అడగడం మొదలుపెట్టాం. భయాన్ని ఎదుర్కొనే చికిత్సలో నేర్చుకునేది భయం తగ్గడం వల్ల కాదని, అంచనా తప్పడం వల్ల అని మిషెల్ క్రాస్క్ వంటి మనస్తత్వవేత్తలు వివరించారు. ఈ కొలత వల్ల, గుండె దడదడలాడిన సమావేశం కూడా ఆమెకు ఓటమిగా తోచలేదు.

అంచనాలను తప్పించడానికి కావాలని పొరపాట్లు చేయించాను. సహోద్యోగుల సమావేశంలో మధ్యలో ఆగి, "ఎక్కడున్నామన్నా?" అని అడగడం, ఒక అంకెను తప్పు చెప్పి వెంటనే దిద్దుకోవడం, వేరుశనగ అనవలసిన చోట శెనక్కాయ అనడం. ఎవరూ నవ్వలేదు. దిద్దుకున్న అంకెను ఇద్దరు రాసుకున్నారు. యాస విషయంలో ఇంకొంచెం ఎక్కువే జరిగింది: శెనక్కాయ అన్న మరుక్షణం నుంచి ఆమె వాక్యాలు పొట్టివయ్యాయి, చేతులు మొక్కను పట్టుకున్నట్టు కదిలాయి, పొలంలో చూసిన మనిషి అక్కడ కనిపించింది. రాయలసీమ యాసకు వేదికపై గౌరవం రావాలన్న పెద్ద వాదన జోలికి నేను పోలేదు; ఆమెకు కావలసింది ఒక కాపలా పని తగ్గడం.

ప్రశ్నల భయానికి మన సంప్రదాయంలోనే ఒక సాధనం దొరికింది. అవధానంలో అప్రస్తుత ప్రసంగి పని ఏమిటంటే, అవధాని పద్యంలో మునిగి ఉన్నప్పుడు సంబంధం లేని మాటలతో అడ్డుతగలడం. అవధాని చమత్కారంగా జవాబిచ్చి తిరిగి తన పనిలోకి రావాలి. చతురుడైన ఒక సహోద్యోగిని ఆ పాత్రకు ఒప్పించాం. ఆమె విత్తన శుద్ధి గురించి చెబుతుంటే ఆయన కల్యాణ మండపంలో భోజనాలు ఎన్నింటికని అడిగేవాడు, కొన్నిసార్లు పై అధికారి గొంతుతో "ఆ లెక్క ఎక్కడిది?" అని గద్దించేవాడు. మొదట్లో ఆమె ప్రతి అడ్డంకికీ మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకునేవారు. అది బట్టీ అలవాటు మిగిల్చిన గుర్తు. మొత్తం ప్రసంగం బదులు చెప్పవలసిన మూడు విషయాలు మాత్రమే చిన్న అట్టముక్క మీద రాసుకోవడం మొదలయ్యాక, అడ్డంకి తరువాత ఏదో ఒక విషయానికి చేరితే చాలని అలవాటైంది.

వీడియో కాన్ఫరెన్సులు విడిగా చూడవలసి వచ్చింది. తెర మీద తన ముఖం తనకే కనబడుతూ ఉండటం, దృష్టిని లోపలికి తిప్పే అద్దం లాంటిది. తన బొమ్మ తనకు కనబడకుండా చేసే ఏర్పాటును వాడమన్నాను. ఇంత చిన్న మార్పుకు ఇంత ఫలితం వస్తుందని నేనూ అనుకోలేదు.

ఫలితం, మిగిలిపోయినది

తరువాతి ఖరీఫ్ సమావేశానికి ఆమె స్వయంగా వెళ్లారు. పది నిమిషాలూ మాట్లాడారు. జిప్సం సరఫరా ఆలస్యమైతే ఏమవుతుందని వేదికపై నుంచి అడిగిన ప్రశ్నకు, ఊడలు దిగాక వేస్తే ఫలితం ఎందుకు తగ్గుతుందో ఇంటి మాటలో వివరించారు. మొదటి రెండు నిమిషాలు దడ ఉందని, తరువాత దాన్ని గమనించడం మరిచిపోయానని చెప్పారు.

ఆ తరువాత ఒక సమీక్షలో పై అధికారి ఆమెను మధ్యలోనే ఆపి వేరొకరిని పిలిచారు. రెండు రాత్రులు ఆమె ఆ దృశ్యాన్నే తలచుకుంటూ నిద్రపోలేదు. సమావేశం అయిపోయాక సాగే ఈ నెమరువేతే సభాభయాన్ని నిలబెట్టే మరో స్తంభం, దానికి మేం అప్పటికి తగినంత సమయం ఇవ్వలేదు. ఆ తరువాత నుంచి ప్రతి సమావేశం అయిన రోజే ఒక పుటలో వాస్తవాలు మాత్రమే రాయమన్నాను: ఏం అడిగారు, ఏం చెప్పాను, ఎవరు ఏమన్నారు. విశేషణాలు నిషేధం. "అవమానకరంగా ఆపారు" అన్న వాక్యం "నాలుగు నిమిషాల తరువాత ఆపారు, సమావేశం అరగంట ఆలస్యంగా మొదలైంది" అయింది. ఆపబడినవారు మరో ఇద్దరు ఉన్నారన్న సంగతి రాస్తున్నప్పుడే ఆమెకు గుర్తొచ్చింది.

ఇంగ్లీషులో ప్రజెంటేషన్ ఇవ్వవలసి వస్తే ఆమె ఇప్పటికీ తప్పించుకుంటారు. అక్కడ నేర్పు కొరత కొంత నిజంగానే ఉంది, కాబట్టి దానికి వేరే ప్రణాళిక, ముందుగా భాషా సాధన కావాలి. రెంటినీ ఒకే పద్ధతితో చూడటం సరికాదు.

ఇతర కేసులకు దీన్ని అన్వయించేటప్పుడు

సభాభయంతో వచ్చినవారిని ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, మీరు ఎక్కడ బాగా మాట్లాడతారు అన్నది. వంటింట్లోనో, దుకాణంలోనో, తరగతి గదిలోనో ధారాళంగా మాట్లాడే చోటు ఒకటి దొరికితే, వీలైతే వెళ్లి చూస్తాను. ఆ చోటుకూ వేదికకూ మధ్య ఏం చేరిందో జాబితా రాసుకుని, చేరినవాటిని ఒక్కొక్కటిగా తీసేయడం చికిత్స అవుతుంది. అలాంటి చోటు ఒక్కటీ లేదంటే కథ వేరు: భయం జీవితమంతా పరుచుకుని ఉండవచ్చు, లేదా మాట్లాడే అవకాశమే ఎన్నడూ దొరికి ఉండకపోవచ్చు. అప్పుడు నేర్పు శిక్షణకు తప్పక చోటుంది.

నత్తి ఉన్నవారికి, తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నవారికి కావాలని పొరపాట్లు చేయించే ప్రయోగాలు ఇదే రూపంలో వాడను. నత్తి ఉన్నవారిని ముందు స్పీచ్ థెరపిస్టు చూడాలి, కుంగుబాటు ఉన్నవారిని మానసిక వైద్యులు చూడాలి. మెట్లు ఆ నిపుణులతో కలిసి రాసుకోవలసి ఉంటుంది. ఈమె విషయంలో ప్రయోగాలు సాగడానికి సహోద్యోగులు సమయం ఇచ్చి, ఎగతాళి లేకుండా సహకరించడం కూడా పెద్ద కారణం. అలాంటి శ్రోతలు దొరకని చోట, ముందు వారిని సమకూర్చుకున్నాకే వీడియో మొదలుపెట్టడం మంచిది.